పూర్ణయ్య పూరించిన ఉత్తరం

కూర్మారావు ఈ-మెయిలు వాసన చూసి రోగం చెప్పేవాడు. తెర మీది ఉత్తరానికి వాసనేమిటని రాజమండ్రి లిపి పునరుద్ధరణ కేంద్రంలో కొత్తగా చేరినవాళ్లు నవ్వేవాళ్లు. అలా నవ్విన ప్రతివాడికీ ఆయన కుర్చీ లాగి, కూర్చోబెట్టి, మూడు ఉత్తరాలు చూపించేవాడు.

మొదటిదాంట్లో తెలుగు ముక్క ఉండదు. నెత్తిన తోకలూ పక్కన సున్నాలూ మొలిచిన ఇంగ్లీషు 'ఏ'లు తెరంతా పాకుతుంటాయి. "ఇది మారువేషం. రాసింది ఒక సంకేతాల పట్టికతో, విప్పుతున్నది ఇంకో పట్టికతో. పట్టిక మారిస్తే పట్టు దొరుకుతుంది" అని మీట నొక్కేవాడు. 'అమ్మా, క్షేమంగా చేరాను' అని తెలుగు బయటపడేది. రెండోదాని నిండా ఖాళీ డబ్బాలు. "వీటికి ఒంట్లో బాగానే ఉంది, ఒంటి మీదే ఏమీ లేదు. మనకి ప్యాంటు లాగా వీటికి ఫాంటు. తొడిగితే వీధిలోకి వచ్చేస్తాయి."

మూడోదాని దగ్గర మాత్రం గొంతు తగ్గించేవాడు. కూర్మారావు గొంతు తగ్గించడం అంటే ఊళ్లో రైలు వంతెన తగ్గి కూర్చున్నంత వింత. ఆ ఉత్తరంలో పై నుంచి కింద దాకా ప్రశ్నార్థకాలే. చుక్కలూ ఖాళీలూ మాత్రం ఎక్కడివక్కడ ఉన్నాయి.

"దీనికి వేషమూ లేదు, ప్రాణమూ లేదు. దారిలో తెలుగు చదవడం రాని యంత్రమేదో, ప్రతి అక్షరాన్నీ తీసి పారేసి, ఆ చోట ఒకే గుర్తు పెట్టింది. తీసిందేమిటో ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఇది శవం. శవానికి మందు లేదు."

శవానికి కూడా మందుందని పూర్ణయ్య వచ్చి చెప్పాడు.

పూర్ణయ్య మనిషి కాదు. కేంద్రం అధిపతి డాక్టర్ విశాలాక్షి ఆరేళ్లు నిద్ర మాని తయారుచేసిన యంత్రం. ఖాళీల్ని పూరిస్తుంది కాబట్టి పూర్ణయ్య. రాసిన మనిషి తాలూకు పాత రాతలన్నీ దానికి మేపాలి: డైరీలు, చిట్టీలు, పెళ్లి పిలుపులు, ఏవి దొరికితే అవి. నమిలి, నెమరేసి, ఆ మనిషి ఈ ప్రశ్నార్థకాల చోట ఏం రాసి ఉంటాడో రాసి ఇస్తుంది. గుర్తుల లెక్క తప్పదు. ఏడు పోయిన చోట ఏడే వస్తాయి.

జనం ఎగబడ్డారు. పోయినవాళ్ల పాత ఉత్తరాలు తెచ్చి, కళ్లు తుడుచుకుంటూ పట్టుకుపోయారు. ఏ ఉత్తరం చూసినా ప్రేమే. మొగుడు పెళ్లాన్ని తిట్టిన ఉత్తరం, అన్న తమ్ముణ్ణి గడప తొక్కొద్దన్న ఉత్తరం ఒక్కటీ రాలేదు. మనుషులు మామూలుగా రాసుకునేది నమస్కారాలూ క్షేమాలే కదా, పూర్ణయ్యకి అలవాటైన రుచీ అదే.

"పేరుకు తగ్గవాడే మేడం" అన్నాడు కూర్మారావు ఒకసారి విశాలాక్షితో. "ఏ బూరె విరిచినా లోపల పూర్ణమే. పైన పిండి మాత్రం వాళ్లది, లోపల బెల్లం మనది."

"మీకు తీపి పడదు కూర్మారావు గారూ. అందరికీ ఎందుకు పడకూడదు?" అంది ఆవిడ.

అంతవరకూ అది కూర్మారావుకి ఒక కడుపుబ్బరం లాంటి వెగటు. ఏసుపాదం వచ్చిన రోజున అది నోటిదాకా వచ్చింది.

ఏసుపాదానికి అరవై ఎనిమిదేళ్లు. కోనసీమ చివర సాగరతార అనే రొయ్యల శుద్ధి కర్మాగారంలో చల్లటి గదులకి అమ్మోనియా తోలే కంప్రెసర్ ఆపరేటరుగా చేశాడు. ఇరవయ్యేళ్ల కిందట ఒక ఉదయం రెండో లైను పైపు పగిలింది. రొయ్యలు ఒలుస్తున్న ఆడవాళ్లు నలుగురు అక్కడికక్కడే పోయారు. వాళ్లని లాగబోయి ఏసుపాదం ఊపిరితిత్తులు కాల్చుకున్నాడు. కంపెనీ విచారణలో 'ఆపరేటరు నిర్లక్ష్యం, ముందుగా తెలియజేయలేదు' అని రాసి చేతులు కడుక్కుంది. ముందు రోజు సాయంత్రం నాలుగింటికే పెద్దాఫీసుకి మెయిలు పెట్టానని ఆయన మొత్తుకున్నాడు. మెయిలు తెరిచి చూస్తే ప్రశ్నార్థకాలు. ఆయన టైపు చేసిన కంప్యూటరు తుక్కులో కలిసింది. రోజూ ఒత్తిడి లెక్కలు చేత్తో రాసుకునే పుస్తకాల్లో ఆ వారానిది, గ్యాసు అణచడానికి కొట్టిన నీళ్లలో నాని ముద్దయింది. పోయిన నలుగురివీ ఆయన వీధిలోని ఇళ్లే. ఇరవయ్యేళ్లుగా ఆ నాలుగు గుమ్మాలూ ఆయన్ని చూసి మూసుకుంటున్నాయి.

కూతురు ప్రేమలత హైస్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ పెట్టిన అర్జీలకి విసిగో, విని విని చెవి తుప్పు వదిలో, ప్రభుత్వం ఒక విశ్రాంత జడ్జిగారితో మళ్లీ విచారణ వేసింది. ఆ జడ్జిగారు మెయిలుని పూర్ణయ్యకి పంపించారు.

తొమ్మిదేళ్ల చేతిరాత పుస్తకాలు, చర్చిలో ఏసుపాదం రాసిన ప్రకటనలు అన్నీ మేపారు. పదకొండు నిమిషాలు నమిలాక పూర్ణయ్య కాగితం కక్కాడు. విశాలాక్షి దాన్ని రెండు చేతులతో అందించింది.

'గౌరవనీయులైన మేనేజరు గారికి, కంప్రెసర్ గది ఏసుపాదం నమస్కరించి వ్రాయునది. రెండో లైను పైపు బాగుంది. ఒత్తిడి బాగుంది. దేవుని దయవలన అందరం క్షేమం. చిత్తగించవలెను.'

ఏసుపాదం కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. పెదాలు కదిలించుకుంటూ మూడోసారి చదివాడు.

"ఇది నాన్న రాసింది కాదండి" అంది ప్రేమలత. "ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు. పైపు సంగతి రాశానమ్మా, రేపు పనిలోకి దింపరులే అన్నాడు. నాకు పద్నాలుగేళ్లు అప్పుడు, నేను విన్నాను."

"జ్ఞాపకం చాలా మోసం చేస్తుందమ్మా" అంది విశాలాక్షి మెత్తగా. "ప్రతి గుర్తూ లెక్క సరిపోయింది. మీరు లెక్కల టీచరు కదా, మీకు తెలియనిదేముంది?"

"నాన్నా, చెప్పు. నువ్విలా రాయలేదని చెప్పు."

ఏసుపాదం కాగితాన్ని వేలితో నిమిరాడు. దగ్గు ఆగేదాకా ఆగి, "ఏవో అమ్మా. 'నమస్కరించి వ్రాయునది' అని నేనే రాస్తానండి. దేవుని దయవలన అనేదీ నా మాటేనండి. పైపు కారతందనే రాసేననుకున్నాను ఇన్నాళ్లూ. భయం కొద్దీ అలా అనుకున్నానేవో" అన్నాడు.

కూర్మారావు ఆ కాగితం వైపు చూసి ముక్కు మూసుకున్నాడు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పౌడరు రాసి, గొంతు మార్చి మాట్లాడిస్తే వాసన రాకుండా ఉంటుందా? పైగా ఆ గొంతు విని బతికున్నవాడే తను అబద్ధమనుకుంటున్నాడు.

మధ్యాహ్నం భోజనం మాని, ఆయన ఆ మెయిలు పై తొడుగు విప్పాడు. ప్రతి మెయిలు నెత్తినా అది ఏ ఏ యంత్రాల మీదుగా వచ్చిందో ముద్రలుంటాయి, మామూలుగా ఎవరికీ కనపడవు. ఎక్కడ చచ్చిందో ఆ ముద్రలే చెబుతాయి. మొదటి ముద్ర కర్మాగారం. అక్షరాలన్నీ బతికే బయల్దేరాయి. రెండో ముద్ర పెద్దాఫీసు వాకిట్లోని యంత్రం. హత్య అక్కడే. ఆ యంత్రం పేరు చదివి కూర్మారావు కుర్చీలో వెనక్కి పడ్డాడు.

తాబేలు-1.

ఆ పేరు పెట్టింది తనే. పాతికేళ్ల వయసులో మెయిలు యంత్రాలు బిగించే చిన్న కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. కూర్మం తన పేరులోది, తాబేటి నడక యంత్రానిది, రెండూ కలిసొస్తాయని నవ్వుకుంటూ ఆ పేరు కొట్టాడు. సాగరతార పెద్దాఫీసు మేనేజరు ఆ రోజు తెర చూపించి మొహం చిట్లించాడు. కర్మాగారం నుంచి వచ్చే తెలుగు ఆయన పాత కంప్యూటర్లో తోకల ఏలుగా కనిపిస్తోంది. "ఏమిటయ్యా ఈ పురుగులు? అసహ్యంగా ఉంది. శుభ్రం చెయ్యి."

సరిగ్గా బాగుచెయ్యాలంటే రెండు రోజుల పని. శుభ్రం చెయ్యడానికి ఒక్క వాక్యం చాలు. 'ఇంగ్లీషు కాని ప్రతిదాని చోటా ప్రశ్నార్థకం పెట్టు.' పెట్టాడు. పురుగులు పోయాయి. "ఇప్పుడు నీటుగా ఉంది" అని మేనేజరు మురిసిపోయి ఆత్రేయపురం పూతరేకుల పెట్టె చేతిలో పెట్టాడు. బస్సులో కూర్చుని పది రేకులు తిన్నాడు కూర్మారావు. ఆ నెయ్యీ బెల్లమూ ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత ఇప్పుడు గొంతులోకి తన్నుకొచ్చాయి.

లేచి వెళ్లి మొహం కడుక్కుని, మళ్లీ వచ్చి కూర్చుని, మిగిలిన మెయిళ్లు తెరిచాడు. తొమ్మిదేళ్లలో ఏసుపాదం రోజుకొకటి చొప్పున మూడు వేల రెండు వందల చిల్లర పంపాడు. అన్నీ ప్రశ్నార్థకాలే. ప్రతిదానికీ పెద్దాఫీసు నుంచి జవాబుంది.

'నోటెడ్. థాంక్స్.'

యంత్రం ఇచ్చే జవాబేమో అనుకున్నాడు. కాదు. ఆదివారాలు జవాబు లేదు, సోమవారం రెండు ఉన్నాయి. మేనేజరు పండక్కి ఊరెళ్లిన వారం ఖాళీ, తిరిగొచ్చిన రోజున ఏడు. ఒక మనిషి కూర్చుని, వేలు పెట్టి నొక్కిన జవాబులు. తొమ్మిదేళ్లలో ఒక్కరోజు కూడా, 'ఏవయ్యా, ఇవేం గుర్తులు, ఏం రాశావు' అని అడగలేదు. చివరి మెయిలుకీ నాలుగూ రెండు నిమిషాలకి, 'నోటెడ్. థాంక్స్.'

ఈ మెయిలు ఎవరికీ మేలు చెయ్యలేదు అని నాలిక చివరిదాకా వచ్చింది. ఉమ్మేశాడు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి భార్య నాంచారి వీధి అరుగు మీద కాఫీ తాగుతూ ఒక కాగితం చదువుకుంటోంది. ఆమె తల్లి ఎప్పుడో పంపిన మెయిలు. నిరుడు పూర్ణయ్య బాగుచేసి ఇస్తే అట్ట వేయించి పెట్టుకుంది.

"మా ఇంటి బంగారం అని రాసింది చూడండి అమ్మ" అంది అలవాటుగా.

కూర్మారావు చెప్పులు విప్పకుండానే పక్కన కూర్చున్నాడు. "నాంచారీ, ఒకటి చెప్తాను, కోప్పడకు. అది మీ అమ్మ రాసింది కాదు."

"తెలుసు."

ఆయన తలతిప్పి చూశాడు.

"మా అమ్మ నన్ను బతికినన్నాళ్లూ మొద్దూ అనే పిలిచింది. బంగారం అనడానికి ఆవిడ నోరు తిరగదు" అని కాగితం ఒళ్లో పెట్టుకుంది. "చదువుతుంటే బాగుంటుంది. కానీ మొన్న ఒక సంగతి జరిగింది. ఆవిడ నన్ను మొద్దూ అన్న గొంతు తెచ్చుకుందామంటే రాలేదు. బంగారం అంటూనే వినపడింది. ఎవరి గొంతండీ అది?"

కూర్మారావు ఏసుపాదం సంగతి, తాబేలు సంగతి, పూతరేకుల సంగతి అన్నీ చెప్పాడు. నాంచారి అంతా వింది. చివర్లో, "చెప్తే మీ ఉద్యోగం?" అంది.

"పోతుంది."

"చెప్పకపోతే?"

"ఉంటుంది. రోజూ అన్నం కూడా ఉంటుంది. లోపల ఉంటుందో లేదో మాత్రం చెప్పలేను."

"అయితే వాంతి చేసుకుని రండి" అని గ్లాసు తీసుకుని లోపలికెళ్లింది.

విచారణ కాకినాడలో, ఒక పాత ప్రభుత్వ బంగళా హాల్లో, పొద్దున్న పదకొండింటికి. మెట్ల దగ్గర విశాలాక్షి కూర్మారావుని పక్కకి పిలిచింది. ఆయన తాబేలు సంగతి ఆవిడకి ముందే చెప్పాడు.

"పాతికేళ్ల కుర్రాడు చేసిన పొరపాటు. ఎవరూ అడగనిది మీరెందుకు తవ్వడం? ఎన్ని వేల కుటుంబాలు ఆ ఉత్తరాల్ని గుండెకి హత్తుకుని ఉన్నాయో ఆలోచించండి. అవన్నీ కల్పితం అని చెప్తారా వాళ్లకి?"

"హత్తుకోనివ్వండి మేడం, నాకేం అభ్యంతరం లేదు. పైన 'ఇది మా ఊహ' అని ముద్ర వేసి ఇచ్చి ఉంటే చాలు. మనం 'ఇది మీ అమ్మ' అని ఇచ్చాం."

"నేను అబద్ధం ఆడలేదు" అంది ఆవిడ. ఆవిడ కళ్లలో నీళ్లు నిజమైనవే. "అలవాటు కంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది మనిషికి? తొమ్మిదేళ్లు బాగుందని రాసినవాడు ఆ రోజు కూడా..."

"ఆ ఒక్క రోజు కోసమేగా మేడం ఈ విచారణ."

లోపల కంపెనీ వకీలు పూర్ణయ్య ఉత్తరాన్ని గట్టిగా చదివాడు. ఏసుపాదాన్ని లేపి, ఇది నీ రాతేనా అని అడిగాడు. ముసలాయన కూతురి వైపు చూసి, తల దించుకుని, "నా మాటల్లాగే ఉన్నాయండి" అన్నాడు. వెనక బెంచీల్లో నాలుగు ఇళ్లవాళ్లూ కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒక ముసలామె మొహం గోడవైపు తిప్పుకుంది.

కూర్మారావు వంతు వచ్చింది. ఆయన జడ్జిగారిని అనుమతి అడిగి, ప్రేమలతని బల్ల దగ్గరికి పిలిచి, తన కంప్యూటర్లో ఒక వాక్యం కొట్టమన్నాడు. ఆవిడ కొట్టింది. హాలంతా కనపడేలా తెర మీద పడింది: 'రెండో లైను పైపు కారింది.'

"ఇప్పుడు దీన్ని తాబేలు అనే యంత్రంలోంచి పంపిస్తున్నానండి. పెద్దాఫీసు వాకిట్లో ఉన్నదానికి నకలు." మీట నొక్కాడు. వాక్యం ప్రశ్నార్థకాలైపోయింది. "ఇప్పుడు పూర్ణయ్యకి ఇస్తున్నాను. ఏసుపాదం గారి పాత రాతలన్నీ దాని కడుపులోనే ఉన్నాయి."

పూర్ణయ్య రాసింది: 'రెండో లైను పైపు బాగుంది.'

కూర్మారావు రెండు వాక్యాలూ తెర మీద పక్కపక్కన పెట్టాడు.

"బాగుంది అంటే బ, దీర్ఘం, గ, కొమ్ము, సున్న, ద, గుడి. ఏడు. కారింది అంటే క, దీర్ఘం, ర, గుడి, సున్న, ద, గుడి. అదీ ఏడే. రెండూ చచ్చాక ఒకే రకం బూడిద. బూడిద చూసి మనిషి నల్లగా ఉండేవాడో ఎర్రగా ఉండేవాడో పూర్ణయ్య చెప్పడు. వాడికి ఏది ఇష్టమో అది చెప్తాడు."

జడ్జిగారు కళ్లజోడు తీశారు. "అయితే ఆ మెయిల్లో నిజంగా ఏముందంటారు?"

"తెలియదండి. నాకు, పూర్ణయ్యకి, ఎవరికీ తెలియదు. ఇక తెలియదు కూడా."

వకీలు లేచాడు. "అంటే ఆయన హెచ్చరించాడనడానికి ఆధారం లేనట్టేగా."

"హెచ్చరించలేదనడానికీ లేదు. ఆధారం ఇంకోచోట ఉందండి" అంటూ కూర్మారావు కాగితాల కట్ట బల్ల మీద పెట్టాడు. "తొమ్మిదేళ్ల జవాబులు. మనిషి చేత్తో నొక్కినవి. అన్నిటికీ 'నోటెడ్'. ఈయన ఏం రాసినా, రాయకపోయినా, మంటలని రాసినా, మామిడికాయలని రాసినా, అక్కడ కనిపించింది ఇవే గుర్తులు. చదవడం కుదరనిదాన్ని చదివామని మూడు వేల సార్లు సంతకం పెట్టారు. ముందుగా తెలియజేయలేదని ఈయన మీద రాశారు కదా, ఈయన తెలియజేస్తే తెలుసుకునే దారి ఒక్కరోజైనా తెరిచి ఉంచారా? ఏం నోటు చేసుకున్నారో వాళ్లని అడగండి."

వకీలు మళ్లీ కూర్చున్నాడు. జడ్జిగారు చాలాసేపు ఆ కట్ట తిప్పి, "ఈ తాబేలు అనే యంత్రాన్ని ఇలా పెట్టిందెవరు?" అన్నారు.

కూర్మారావుకి ఆ క్షణంలో పది చమత్కారాలు తోచాయి. ప్రతిదీ తప్పించుకునే సందే.

"నేనండి" అన్నాడు. "పూతరేకుల పెట్టె ఇచ్చారు. తిన్నాను."

మధ్యాహ్నం మూడింటికి జడ్జిగారు ఏసుపాదం మీది 'నిర్లక్ష్యం' అన్న మాట కొట్టేయమని రాయించి, కంపెనీ మేనేజర్లకి నోటీసులు పంపమన్నారు. కూర్మారావు పేరు కూడా ఆ జాబితాలో చేరింది. విశాలాక్షి ఆయనకేసి చూడకుండా కారెక్కింది. గోడవైపు తిరిగిన ముసలామె మాత్రం వెళ్తూ వెళ్తూ ఏసుపాదం ముందు ఆగింది. ఆయన చేతికర్ర జారి కింద పడి ఉంటే, వంగి తీసి చేతికిచ్చి వెళ్లిపోయింది.

వరండాలో ప్రేమలత తండ్రికి నీళ్లు పడుతోంది. కూర్మారావు రెండు అడుగుల దూరంలో నిలబడ్డాడు.

"క్షమించండి అనడానికి నాకు మొహం లేదండి."

ప్రేమలత సీసా మూత బిగించుకుంటూ, "మీరు ఇవాళ చెప్పినందుకు థాంక్స్ అండి. మిగతాది ఇప్పుడు నేనేం అనలేను" అంది. కూర్మారావు అలవాటుగా లాగి వెయ్యడానికి కుర్చీ కోసం చూసి, మానేశాడు.

ఏసుపాదం ఊపిరి కూడదీసుకుని అడిగాడు. "బాబూ, మూడు వేల ఉత్తరాలూ మీ దగ్గరేనా చచ్చిపోయింది?"

"ఆయ్."

"చర్చిలో పాట రాసినంత ఇదిగా రాసేవోణ్ణండి. రోజూ మేనేజరు గారు చదువుతున్నారు కదా అని తప్పులు చూసుకుని మరీ పంపేవోణ్ణి." కాసేపు దగ్గాడు. "దానికీ నేనేం అనుకోనండి. ఇంకోటే బాధ. ఆ సాయంత్రం ఏం రాసేనో నాకు అక్షరం అక్షరం గుర్తుండేదండి. ఇరవయ్యేళ్లు రోజూ లోపల చదువుకున్నాను. ఆళ్లందరూ అబద్ధవన్నా అది నా దగ్గరుంది కదా అని. మీ మిషను కాయితం చదివినకాడి నుంచి అదే కనపడతందండి. నాది పోయింది. కేసు గెలిచేను గాని, కళ్లు మూసుకుంటే 'బాగుంది' అనే వస్తంది."

కూర్మారావు తన చేతులు చూసుకున్నాడు.

బస్సుకి వేళయిందని ప్రేమలత తండ్రి చెయ్యి పట్టుకుంది. నాలుగు మెట్లు దిగి ఆయన ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఆ నాలుగిళ్లకీ ఉత్తరం రాత్తానండి. ఏం జరిగిందో, నాకు గుర్తున్నంతవరకు. కాయితం మీద, పెన్నుతో, నేనే ఎల్లి చేతికిత్తాను." కర్ర పైకెత్తి, కూర్మారావు చేతుల వైపు చూపించాడు. "మీరు మాత్రం ముట్టుకోకండి బాబూ."